తెర మీది నాలుగో పేరు

పోయిన వారం హైమను కొవ్వూరు వైపు వంతెన దిగిన చోట, కారు పక్కకు ఆపి ఉండగా వదిలాం. భర్త ఉదయ్‌ను రాజమండ్రిలో డయాలసిస్‌కు దింపి, అతని అక్క సీతారామలక్ష్మిని తీసుకురావడానికి ఆమె నిడదవోలు వెళుతోంది. ఉదయ్‌కు కిడ్నీ ఇస్తానన్నది ఆ అక్కే. మర్నాడు ఎనిమిది గంటలకు, పరగడుపున, ఆవిడ ఆసుపత్రిలో ఉండాలి. దారిలో ఉండగా ఆవిడ భర్త భాస్కరం ఫోన్ చేసి, సీత ఏడింటి బస్సుకే మీ ఇంటికి బయల్దేరింది, చేరిందా అమ్మా అని అడిగాడు. చేరలేదు. ఆవిడ ఫోన్ పలకడం లేదు.

పదకొండు గంటలకు హైమ నిడదవోలులో భాస్కరం ఇంటి ముందుగదిలో నిలబడి ఉంది. భాస్కరం పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. ఏది ఎక్కడ ఉండేదో, ఇప్పుడు ఏది లేదో వరసగా చూపించాడు. చేతిసంచి లేదు. రెండు చీరలు లేవు. ఫోన్ చార్జరు లేదు. ఆసుపత్రి ఫైలు మాత్రం బల్ల మీదే ఉంది. ఆ ఫైలు లేకుండా రేపటి పరీక్షలకు ఎవరినీ లోపలికి రానివ్వరని ఆవిడకు తెలుసు.

హైమ ఫైలు తీసుకుంది. అన్నయ్యగారూ, మీరు ఇంట్లోంచి కదలకండి, వదిన వెనక్కి వస్తే తాళం కనపడకూడదు అని చెప్పి కారెక్కింది. ఎక్కిందే గాని ఎటు వెళ్లాలో తెలియలేదు.

ఆ కారు కొని నాలుగేళ్లయింది. హైమ నడపడం నేర్చుకుని నాలుగు నెలలు. ఉదయ్‌కు వారానికి మూడుసార్లు డయాలసిస్ మొదలయ్యాక నేర్చుకోక తప్పలేదు. స్టీరింగ్ పట్టుకుంటే రెండు చేతులూ దానికే అతుక్కుపోయేవి. నడుపుతుండగా ఫోన్ మోగితే కారు పక్కకు తీసి ఆపి, అప్పుడు మాట్లాడేది. సగం సార్లు ఈలోపు కాల్ ఆగిపోయేది. ఈ రోజు అలా ఆగిపోకూడదు. వదిన ఏ నిమిషానైనా చెయ్యొచ్చు.

ఉదయ్ నడిపే రోజుల్లో ఫోన్ కారుకు కలిపేవాడు. ఫోన్ జేబులోనే ఉండేది, మాట కారు తెరలోంచి వచ్చేది. హైమ తన ఫోన్‌కు వైరు పెట్టింది. బస్టాండులో కొన్న వైరు. చార్జింగ్ ఎక్కింది గాని తెర మీద ఏమీ రాలేదు. రెండోసారి పెట్టింది. మూడోసారి పెట్టింది. తెర కింది మూల ఎండిపోయిన కుంకుమ బొట్టు ఒకటి ఉంది. కారు పూజ రోజున పూజారి బానెట్‌కు పెడితే, ఇదీ బండిలో భాగమే గదా అని సీతారామలక్ష్మి తెరకు పెట్టింది. దాన్ని ఇంతవరకూ ఎవరూ తుడవలేదు.

రైల్వే స్టేషన్ దారిలో రమేష్ బాబు సెల్ షాపు ఉంది. వాళ్లింట్లో అన్ని ఫోన్లూ అతని దగ్గర కొన్నవే. హైమ కారు అక్కడ ఆపింది.

రమేష్ బాబు వైరు చేతిలోకి తీసుకుని చూసి పక్కన పడేశాడు. "ఇది చార్జింగ్‌కి తప్ప ఇంకెందుకూ పనికిరాదండి మేడమ్. దీంట్లో డేటా పోదు. ఎన్నాళ్ల నించి వాడుతున్నారేంటి?"

వేరే వైరు తెచ్చి, తనే ముందు సీట్లో కూర్చుని కలిపాడు. ఫోన్ ఒకదాని తర్వాత ఒకటి అడుగుతుంటే అన్నిటికీ సరే అని నొక్కాడు. కాంటాక్టులు చూడొచ్చా. చూడొచ్చు. కాల్స్ చూడొచ్చా. చూడొచ్చు. మీరు ఉన్న చోటు చూడొచ్చా. చూడొచ్చు. తెర వెలిగింది. ఫోన్ వస్తే స్టీరింగ్ మీద ఈ బటన్ నొక్కండి, ఫోన్ మాత్రం ముట్టుకోకండి అని చెప్పి, మ్యాప్ తెరిచి, ఎక్కడికండీ అని అడిగాడు.

హైమ తెర వైపు చూసింది. మ్యాప్ పక్కన, ఈమధ్య వెతికిన చోట్లంటూ మూడు పేర్లు ఉన్నాయి. పైన పెనుగొండలో ఒక సత్రం. దాని కింద తణుకులో ఒక రక్తపరీక్షల ల్యాబు. చివర రాజమండ్రి ఆసుపత్రి.

ఆసుపత్రి తను వెతికిందే. మిగిలిన రెండూ కాదు.

ఇవి నా ఫోన్లోకి ఎలా వచ్చాయని అడిగింది. రమేష్ బాబు తల గోక్కున్నాడు. మూడేళ్ల కింద ఉదయ్ ఒకే రోజు మూడు ఫోన్లు కొన్నాడు. ఒకటి తనకు, ఒకటి భార్యకు, ఒకటి అక్కకు. మూడింటికీ మెయిల్ ఐడీ కావాలి. రమేష్ బాబు ఉదయ్ ఐడీ ఒక్కటే మూడింట్లోనూ పెట్టాడు.

"ఎవరి ఐడీ వాళ్లకి పెడితే నెల తిరక్కుండా పాస్‌వర్డ్ మర్చిపోయానంటూ వస్తారండి. ఈ ఊళ్లో సగం ఇళ్లకి ఇంతే చేశాను. ఇంట్లో ఇంట్లోనేగదాండి, దాచుకునేదేముంటుంది?"

"అంటే వదిన వెతికింది నాకు కనిపిస్తుందా?"

"మీ ముగ్గుర్లో ఎవరు వెతికినా ముగ్గురికీ కనిపిస్తుందండి. చూసుకోరంతే."

హైమ సత్రం పేరు మీద వేలు పెట్టింది. తెర మీద నీలం గీత నిడదవోలులో మొదలై తణుకు మీదుగా దక్షిణానికి సాగింది. వైరుకు ఎంత ఇవ్వాలో కూడా అడగకుండా బయల్దేరింది. రమేష్ బాబు కూడా అడగలేదు.

దారి పొడుగునా వదినతో ఏమనాలో అనుకుంటూ నడిపింది. ఆవిడ భయపడిందన్నది తేలిపోయింది. అందులో తప్పేముంది. యాభై రెండేళ్ల మనిషి. ఒంట్లోంచి ఒక అవయవం తీసి ఇవ్వాలంటే ఎవరికైనా భయమే. ఆసుపత్రిలో చెప్పినవన్నీ గుర్తు చేసుకుంది. ఒక్క కిడ్నీతో మామూలుగా బతకొచ్చు. మూడో రోజుకు లేచి తిరగొచ్చు. మెత్తగా చెప్పాలి. గొంతు పెంచకూడదు. కోళ్ల వ్యాన్ ఒకటి హారన్ కొడుతూ దాటిపోతే అనుకున్న మాటలన్నీ చెదిరిపోయాయి. మళ్లీ మొదటి నుంచి అనుకుంది.

తణుకు దాటుతుండగా కారంతా మోత మోగింది. తెర మీద ఉదయ్ పేరు. హైమ బటన్ నొక్కింది.

అతని వెనక డయాలసిస్ యంత్రం చప్పుడు వినిపిస్తోంది. ఎక్కడున్నావని అడిగాడు. నిడదవోలులోనే, వదిన సర్దుకుంటోంది అని అబద్ధం చెప్పింది.  ఫోన్ కారుకు కలిపావా, గొంతు దూరంగా వస్తోంది అన్నాడు. కలిపానంది. మంచి పని చేశావన్నాడు.

"హైమా."

"చెప్పండి."

"అక్కని ఏమీ అనకు."

నేనెందుకంటాను అని ఆమె అడిగేలోపు కాల్ ఆగిపోయింది. తెర మీద టైము పదకొండూ నలభై.

పెనుగొండలో సత్రం గుడికి రెండు వీధుల అవతల ఉంది. పన్నెండుంపావుకు హైమ దాని ఎదుట కారు ఆపింది. లోపలికి వెళ్లి అడగాల్సిన పని పడలేదు. సీతారామలక్ష్మి మెట్ల మీదే, సంచి పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. కారును చూసి లేచింది. పారిపోవడానికి కాదు. వచ్చి, తలుపు తీసి, ముందు సీట్లో కూర్చుంది. ఎలా తెలిసిందని అడగలేదు. భోంచేశావా అని అడిగింది.

లేదంది హైమ. నేనూ లేదంది ఆవిడ. ఇద్దరూ అద్దంలోంచి ఎదుటి గోడ చూస్తూ కూర్చున్నారు. 

"రేపు పదింటి దాకా ఇక్కడే ఉండి వద్దామనుకున్నాను," అంది సీతారామలక్ష్మి. "పరీక్ష టైము దాటిపోయాక."

"భయంగా ఉందా వదినా?"

"భయపడి పారిపోయిందనే అంటారు. అననీ. అదే నయం."

దేనికన్నా నయం అని హైమ అడిగింది. సీతారామలక్ష్మి సంచిలోంచి ఫోన్ తీసి ఆన్ చేసింది. అది తెరుచుకునేదాకా ఇద్దరూ ఆగారు. ఆవిడ ఒక ఫొటో తెరిచి ఫోన్ హైమ చేతికిచ్చింది. తణుకు ల్యాబు కాగితం. నిన్నటి తేది. మూడు నెలల షుగరు సగటు తొమ్మిది పాయింట్ ఒకటి. ఆరున్నర దాటితేనే షుగరున్నట్టు. కాగితం అంచున ఆవిడ బొటనవేలు పడింది.

షుగరున్న మనిషి నుంచి కిడ్నీ తీసుకోకూడదని డాక్టరు మొదటి రోజే చెప్పాడు. హైమకు ఆ వాక్యం ఎక్కడ కూర్చుని విన్నదీ కూడా గుర్తుంది.

ఎప్పటి నుంచి అని అడిగింది. ఆరేళ్ల నుంచి. మాత్రలు దేవుడి గదిలో పసుపు డబ్బా అడుగున ఉంటాయి. ఆ డబ్బా భాస్కరం ముట్టడు. తన తల్లికి షుగరు వచ్చి కాలు తీసేసినప్పుడు ఆవిడకు అన్నీ చేసింది సీతారామలక్ష్మే. తనకూ ఉందని తెలిసిన రోజు ఇంటికి వచ్చి ఎవరికీ చెప్పలేదు.

"మొదటి రోజు చెప్పుంటే సరిపోయేది," అంది. "రెండో రోజుకి, నిన్న ఎందుకు చెప్పలేదో కూడా చెప్పాల్సొచ్చేది. ఆరేళ్లయ్యేసరికి ఎంతయిందో చూడు."

"ఫారం మీద రాసేటప్పుడు అడిగారు గదా."

"మీ అన్నయ్యగారు పక్కనే కూర్చున్నారు. లేదని చెప్పాను. ఆ రోజు రక్తం గ్రూపు ఒక్కటే చూశారు. రెండు నెలలుందిగదా, తగ్గించేసుకుందామనుకున్నాను. అన్నం మానేశాను. పొద్దునా సాయంత్రం కాలవ గట్టు మీద నడిచాను. నువ్వే అన్నావు, చిక్కిపోయారు వదినా అని."

హైమ అన్న మాట నిజమే. తమ్ముడి మీద బెంగతో చిక్కిందనుకుంది.

దారంతా అనుకుంటూ వచ్చిన మెత్తటి మాటల్లో ఇప్పుడు ఒక్కటీ పనికి రాలేదు. హైమ ఫోన్ వెనక్కి ఇచ్చేసింది. గొంతు పెంచలేదు.

"రెండు నెలలు వదినా. కిడ్నీ కోసం ప్రభుత్వ జాబితాలో పేరు రాయించమని డాక్టరుగారు చెప్పిన రోజు మీరేమన్నారు?"

సీతారామలక్ష్మి ఫోన్ ఒళ్లో పెట్టుకుంది.

"నేనుండగా ఎవరో పోతే వచ్చేది మా తమ్ముడికెందుకు అన్నారు. మేం రాయించలేదు. పాలకొల్లు బాబాయిగారి అబ్బాయి తన కిడ్నీ పనికొస్తుందేమో చూపించుకుంటానన్నాడు. మీరున్నారుగదా అని అతన్నీ వద్దన్నాం. మీరు ఇవ్వనంటే ఇంకోళ్లని చూసుకునేవాళ్లం. ఇస్తానన్నారు కాబట్టి ఎవర్నీ చూసుకోలేదు."

"నువ్వు మాత్రం ముందుకొచ్చావా?"

"నా గ్రూపు కలవదని మీకు తెలుసు."

"తెలుసు." సీతారామలక్ష్మి పమిట చెంగుతో ముఖం తుడుచుకుంది. "ఏదో ఒకటి అనాలని అన్నాను."

తర్వాత ఆవిడే చెప్పింది. ఆ రోజు డాక్టరు గదిలో ఎవరిస్తారని అడిగితే పదకొండు మంది చుట్టాలు నేల చూశారు. ఉదయ్ ఎవరి వైపూ చూడకుండా కిటికీ వైపు చూశాడు. తప్పిపోయిన పిల్లాడిలా ఉన్నాడు. నోటికి ఆ మాట అదే వచ్చిందట. వచ్చాక వెనక్కి తీసుకోవడం చేతకాలేదట.

"వాడికి మాత్రం చెప్పకు," అంది. "భయపడ్డానని చెప్పు. పనికిరాననిపించుకోలేను, వాడి దగ్గర."

హైమ సరే అనబోయి ఆగింది. రమేష్ బాబు మాట గుర్తొచ్చింది. ముగ్గుర్లో ఎవరు వెతికినా ముగ్గురికీ కనిపిస్తుంది. వెతికింది మాత్రమే కనిపిస్తుందా?

తన ఫోన్‌ను వైరు నుంచి ఊడదీసింది. తెర మీద మ్యాప్ పోయింది. ఫొటోలు తెరిచింది. మొన్న తీసిన మందుల చీటీ ఉంది. దాని కింద, ఆమె ఎప్పుడూ తీయని ఫొటో ఉంది. తణుకు ల్యాబు కాగితం. అంచున అదే బొటనవేలు. నిన్న సాయంత్రం ఐదూ నలభై.

సీతారామలక్ష్మి ఆ ఫోన్ వైపు, తన ఫోన్ వైపు మార్చి మార్చి చూసింది. "నీ దగ్గరికెలా వచ్చింది? నేనెవరికీ పంపలేదే."

హైమ చెప్పింది. చెబుతుండగానే ఆవిడకు అర్థమైంది.

"వాడి ఫోన్లో కూడా ఉంటుందా?"

డయాలసిస్ మంచం మీద నాలుగు గంటలు పడుకోవాలి. ఎడమ చేతికి సూదులుంటాయి. కుడి చేత్తో చేయగలిగిందల్లా ఫోన్ చూసుకోవడమే. అక్కని ఏమీ అనకు అన్నాడు. నిడదవోలులోనే ఉన్నానని అబద్ధం చెబితే ఒప్పుకున్నాడు. అతనికి కాగితమూ తెలుసు, సత్రమూ తెలుసు.

హైమ వైరు మళ్లీ పెట్టింది. ఉదయ్‌కు ఫోన్ చేసింది. స్విచాఫ్ అని కారు నాలుగు మూలల నుంచీ వినిపించింది. మళ్లీ చేసింది. మళ్లీ అదే. మూడోసారి చెయ్యబోతుండగా బయటి నుంచి కాల్ వచ్చింది. డయాలసిస్ విభాగంలో నర్సు మెర్సీ.

"మేడమ్, సార్ ఫైలూ క్యారేజీ ఇక్కడే వదిలేశారండి. పైకొచ్చి తీసుకుంటారా?"

"సార్ మీ దగ్గర లేరా?"

మెర్సీ గొంతు మారింది. పావు తక్కువ పన్నెండుకే సార్ ఆపేయమన్నారని, ఇంట్లో అర్జంటని, వద్దంటే సంతకం పెట్టి సూదులు తీయించుకున్నారని చెప్పింది. మేడమ్ కింద కారులో ఉన్నారని చెబితేనే పంపామంది. గంటన్నరే జరిగింది. ఒంట్లో చేరిన నీరు సగం కూడా తీయలేదు. వచ్చేటప్పటికే పొటాషియం ఎక్కువగా ఉంది.

"ఎక్కడున్నా సాయంత్రంలోపు తీసుకొచ్చేయండి మేడమ్. రేపటిదాకా ఆగితే కాదండి. గుండెకి వస్తది."

కాల్ అయిపోయింది. టైము ఒంటిగంటా పది. తెర మీద మ్యాప్ తిరిగి వచ్చింది. పక్కన పేర్ల వరస వచ్చింది. హైమ లెక్కపెట్టింది. మూడు ఉండాలి. నాలుగు ఉన్నాయి. పెనుగొండ సత్రం ఒక మెట్టు కిందికి దిగింది. ఆసుపత్రి కుంకుమ బొట్టు వెనక్కి పోయింది. పైన కొత్త పేరు ఉంది.

నిడదవోలు జంక్షన్.

ఎప్పుడు వెతికాడో అందులో లేదు. ఫోన్ ఆపేసే ముందు కావొచ్చు. ఆసుపత్రి మెట్లు దిగుతూ, గంట కింద కావొచ్చు.

"మా ఇంటికి," అంది సీతారామలక్ష్మి. "నన్ను వెతుక్కుంటూ వెళ్లుంటాడు."

"మీరిక్కడున్నారని తెలుసు. మీకోసం కాదు."

అయితే మరెవరికోసమో ఇద్దరికీ తెలుసు. ఆ ఇంట్లో ఉన్నది భాస్కరం ఒక్కడే. హైమ కారు స్టార్ట్ చేసింది.

"అన్నయ్యగారికి మీరు చెయ్యండి. మీ తమ్ముడు వచ్చాడేమో కనుక్కోండి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమనండి. ఎందుకు మధ్యలో లేచి వచ్చాడని అడుగుతారు. అది మీరే చెప్పాలి."

"నువ్వు చెప్పు హైమా."

"నేను నడపాలి."

సీతారామలక్ష్మి తెర మీద భర్త పేరు వెతికింది. కనపడ్డాక వేలు గాలిలోనే ఆగింది. తర్వాత నొక్కింది. కారులో రింగ్ మోగింది. నాలుగో రింగుకు భాస్కరం ఎత్తాడు. ఆవిడ నోరు తెరిచి, ఏమండీ అంది.  ఆయనే మాట్లాడాడు.

"ఉదయ్ ఇప్పుడే వచ్చాడు సీతా. స్టేషన్ నించి నడిచొచ్చాట్ట. నువ్వు క్షేమంగా ఉన్నావని చెప్పాడు. ఎందుకెళ్లావని అడిగితే, నిన్నే అడగమన్నాడు. నిన్ను ఏమీ అననని నా చేత మాట తీసుకున్నాడు."

"నాకు షుగరుందండి," అంది సీతారామలక్ష్మి. "ఆరేళ్ల నించి."

 హైమ రివర్స్ గేరు వేసింది. తెర మీది పేర్లన్నీ పోయి, కారు వెనకున్న రోడ్డూ సత్రం మెట్లూ కనిపించాయి. భాస్కరం ఊపిరి మాత్రం వినిపిస్తూనే ఉంది.

"సరే," అన్నాడాయన చివరికి. "రా. వచ్చాక మాట్లాడుకుందాం. వీడు గుమ్మంలోనే కూర్చున్నాడు, లోపలికి రమ్మంటే కాళ్లు లేవట్లేదంటున్నాడు. మంచినీళ్లిచ్చి..."

"నీళ్లివ్వకండి అన్నయ్యగారూ," అంది హైమ. "ఆటో పిలవండి. దగ్గర్లో ఏ ఆసుపత్రి ఉంటే అక్కడికి. నీళ్లు మాత్రం ఇవ్వకండి."

"తాగేశాడమ్మా," అన్నాడు భాస్కరం. "చెంబుడూ." ఆ తర్వాత ఆయన మాట ఫోన్‌కు దూరమైంది. "ఒరే ఉదయ్. ఉదయ్. ఇటు చూడరా."

గచ్చు మీద చెంబు దొర్లిన చప్పుడు కారంతా వినిపించింది. దాని వెనకే ఫోన్ పడిన చప్పుడు. కాల్ తెగలేదు.